ఇంగ్లండులో రాహుకాలం

పోయిన నెల మా బావగారి షష్టిపూర్తి పిలుపు ఫోనులో వచ్చింది. పట్టుపంచెలో చేతులు జోడించిన ఆయన ఫొటో, దాని వెనక మబ్బుల్లో ఎగురుతున్న తెల్లటి విమానం, కింద ‘విమానయాన రంగ మార్గదర్శి’ అని బంగారు అక్షరాలు. లింగంపల్లిలో రైలు దిగుతూ చూశాను. ఒళ్ళు మండిపోయింది. ప్లాట్‌ఫారం మీద నిలబడే ‘తప్పకుండా వస్తాను’ అని జవాబు పెట్టి, పక్కన రెండు పువ్వులు కూడా చేర్చాను.

ఆ విమానం సంగతి చెప్పాలి. కరోనా రోజుల్లో మనుషులు ఇళ్ళలో కూర్చుంటే సరుకులు ఆకాశంలో తిరిగాయి. ఆ గిరాకీ చూసి ఇంగ్లండులో ఇద్దరు పెద్దమనుషులు పాత విమానాల్లో సీట్లు పీకించి, అడిగినవాళ్ళ సరుకు అడిగిన చోటికి మోసే కంపెనీ పెట్టారు. విమానాలు అక్కడ, వాటి లెక్కలు ఇక్కడ, మాదాపూర్‌లో ఓ అద్దాల భవనంలో. ఆ ఆఫీసుకి పెద్ద మా బావగారు, అంటే మా అక్క భర్త. శంషాబాదు కార్గోలో ఏళ్ళ తరబడి పనిచేస్తున్న నన్ను ఆయనే తెచ్చి అక్కడ కూర్చోబెట్టారు. ఏ పెట్టె విమానంలో ఎక్కడ ఉండాలో, దేని పక్కన ఏది ఉండకూడదో గీసి పంపడం నా పని. కిరసనాయిలు డబ్బా పక్కన బియ్యం పెట్టకూడదని మా అమ్మ చెప్పిన చదువే, కాస్త పెద్ద వంటింట్లో. పూలు, మందులు, కార్ల విడిభాగాలు, ఒకసారి ఎవరిదో పియానో కూడా పంపాను. ఆ పని నాకెంత ఇష్టమో, పోయినప్పుడు గానీ తెలియలేదు.

బావగారికి ఒక పట్టింపు ఉండేది. ఆయన బల్ల మీద లండన్ గడియారం, దాన్ని ఆనించి గంటల పంచాంగం. రాహుకాలంలో ఏ విమానమూ లేవకూడదు. ఎవరి నమ్మకం వారిది, తప్పు పట్టను. కానీ ఆయన చూసేది హైదరాబాదు రాహుకాలం, విమానం లేచేది ఇంగ్లండులో! ఏ ఊరి రాహుకాలం ఆ ఊరి సూర్యోదయాన్ని బట్టి కదా అని ఒకసారి అంటే, “విమానం ఎక్కడున్నా దాని తలరాత రాసేది మనం కదమ్మా” అన్నారు. అక్కడి పైలట్లకు ఇదేమీ తెలీదు. హైదరాబాదువాళ్ళు ఇంత కచ్చితంగా బయల్దేరదీస్తున్నారేమిటా అని మెచ్చుకునేవారు.

ఒక మంగళవారం నైరోబీకి కోడిపిల్లలు వెళ్ళాలి. గుడ్డులోంచి బయటికొచ్చి ఒక్కరోజైన పిల్లలు, గాలి కన్నాలున్న అట్టపెట్టెల్లో. ఆఖరు నిమిషంలో బావగారు ఇంకెవరివో టీకామందుల పెట్టెలు ఒప్పుకున్నారు. వాటినిండా పొడి మంచు. అది కరిగి నీరవదు, వాయువవుతుంది, దాని పక్కన ప్రాణమున్నది ఊపిరాడక చచ్చిపోతుంది. అందుకని పిల్లలు ముందు, మంచు పెట్టెలు చిట్టచివర అని గీసి పంపాను. అక్కడి లోడర్లు హడావిడిలో రెండూ పక్కపక్కనే పెట్టేశారని ఫోనులో తెలిసింది. మార్చాలంటే గంట పడుతుంది. మనకి మూడింటికి రాహుకాలం. “ఆపించండి బావగారూ, చచ్చిపోతాయి” అన్నాను. ఆఫీసంతా విన్నది. ఆయన గడియారం చూసుకుని, “ఏం కాదులే” అని ఫోనులో బయల్దేరమన్నారు.

నైరోబీలో తలుపు తీస్తే ఒక్క పిల్ల కూడా అరవలేదట.

అక్కణ్ణుంచి పంపిన ఆ పెట్టెల ఫొటోలు నేను ఇంకా మరిచిపోలేదు. లండన్ వాళ్ళు అడిగితే బావగారు, పెట్టెలు అలా గీసి పంపింది మా మరదలేనండీ, కొత్త కదా, పొరపాటు చేసింది అన్నారు. నా పక్క సీటు అమ్మాయిది ఖాజాగూడ. భోజనాల గదిలో నా చెయ్యి పట్టుకుని, “ఏందక్కా, గిట్ల ఊకుంటవా? నువ్వు జెప్పింది నా చెవులతోని ఇన్న. పద, నేనే జెప్త” అంది. వద్దన్నాను. నోరు విప్పితే పోయేది మా అక్క భర్త ఉద్యోగం. నేనే ఉద్యోగం వదిలి ఇంటికొచ్చేశాను. ఏడాది తిరక్కుండా కంపెనీ మూతపడింది. ఆయన మాత్రం విమానాలు నడిపిన మనిషిగా మిగిలారు.

అక్కడితో ఆగినా క్షమించేదాన్నేమో. బావ మరదల్ని ఆటపట్టించవచ్చు, మరదలు ఉడుక్కోకూడదు, అది మన ఆచారం. ప్రతి పెళ్ళిలోనూ విస్తట్లో కోడికూర పడగానే, “ఇది మా మరదలు చంపిందేనా?” అనేవారు. బంతి బంతంతా నవ్వేది. అక్క కూడా నవ్వేది. నన్ను ఎత్తుకు పెంచిన అక్క, నా మాటేమిటని ఒక్కసారైనా అడగకుండా ఆయన్ని నమ్మేసింది. ఉద్యోగం పోయినందుకు కాదు, ఆ నవ్వుకి నేను రాత్రులు పళ్ళు కొరుక్కున్నాను.

షష్టిపూర్తి నల్లగండ్లలో, వాళ్ళ అపార్ట్‌మెంటు హాల్లో జరిగింది. తాళి కట్టడమయ్యాక కొత్త పెళ్ళికొడుకుని మరదళ్ళు ఆటపట్టించాలని ఎవరో మైకు నా చేతికిచ్చారు. ఆచారం ఈసారి నా వైపుంది. హైదరాబాదు పంచాంగంతో ఇంగ్లండు విమానాలు నడిపిన మహానుభావుడి కథ మొదలుపెట్టాను. పురోహితుడు కూడా పడీపడీ నవ్వాడు. నవ్వు బాగా పాకాన పడ్డాక, ఆ మంగళవారం ఎవరు ఆపమన్నారో, ఎవరు పొమ్మన్నారో, గొంతు మార్చకుండా, నవ్వుతూనే చెప్పాను. “విన్నవాళ్ళు ఆఫీసునిండా ఉన్నారు, కాదంటారా బావగారూ?”

హాలంతా వేళాకోళమనుకుని చప్పట్లు కొట్టింది. పూలదండలో ఉన్న అక్క కొట్టలేదు. ఆయన వైపు తిరిగి, “అదే చేసిందని నాతో అన్నారేమండీ?” అంది మెల్లగా. ఆయన ఎప్పటిలా ఏదో హాస్యమాడబోయారు. అక్క తమ కొంగుముడి విప్పి, పీటల మీంచి దిగొచ్చి నా పక్కన కూర్చుంది.

ఆయన ఒక్కరే పీటల మీద మిగిలారు. జాలి పడాలనిపించలేదు, పడలేదు. కాలం అన్నీ మరిపిస్తుందంటారు. నన్ను మాత్రం అది ఒక్క మాట కూడా మరిచిపోనివ్వలేదు, అందుకు దానికి దణ్ణం పెడతాను.