రాజీఖుషీగా వదిలిన భూమి

అసెంబ్లీలో ఆడవాళ్ల గ్యాలరీ దగ్గర పూలమ్మ కొలువు చేసేది. సభ చూడవచ్చిన ఆడవాళ్ల చీటీలు చూసి, కుర్చీల్లో కూర్చోబెట్టి, వాళ్లు మాట్లాడకుండా చూడటం ఆమె పని. భర్త పోయాక, పోలీస్ యాక్షన్ అయిన మరుసటేడు పట్నం వచ్చి నాంపల్లి స్టేషన్ వెనక ఒక గది కిరాయికి తీసుకుంది. పుట్టింటివైపు మిగిలింది అన్న భూమయ్య ఒక్కడే. ఎర్రకుంటపల్లిలో తండ్రి నాటి నుంచీ దొర భూమిని కౌలుకు చేస్తున్నాడు. కౌలుదార్లను వెళ్లగొట్టకుండా చట్టం వచ్చిందని విని పూలమ్మ నిశ్చింతగా ఉంది. అన్న అప్పుడప్పుడు వచ్చి జొన్నలు ఇచ్చి పోయేవాడు.

యాభై మూడులో ఒక పొద్దున ప్రశ్నల వేళ నడుస్తోంది. ఒక తాలూకాలో కౌలు భూములు పోయినవాళ్ల గురించి వెంకటేశం అనే సభ్యుడు అడిగాడు. మంత్రి లేచి ఉర్దూలో జవాబిచ్చాడు. ఆ తాలూకాలో ఎవరి మీదా బలవంతం జరగలేదనీ, వదిలినవాళ్లంతా తహసీల్దారు ముందు రాజీఖుషీగా, తమ ఇష్టం మీదే ఒప్పుకున్నారనీ చెప్పాడు. పూలమ్మకు ఇలాంటి జవాబులు అలవాటే. చంటిబిడ్డతో వచ్చిన ఒకామెకు కుర్చీ చూపిస్తోంది. వెంకటేశం మళ్లీ లేచి, ఈసారి తెలుగులో అడిగాడు.

"ఎర్రకుంటపల్లి భూమయ్య కూడా రాజీఖుషీగనే వదిలిండా?"

మంత్రి కాగితం తిప్పి చూసి, అవును, అతను కూడా అన్నాడు. వెంటనే మరో ప్రశ్న పిలిచారు.

ఎర్రకుంటపల్లిలో భూమయ్యలు ఇద్దరు లేరు. ఆ బిడ్డతల్లికి చూపించిన కుర్చీలో పూలమ్మ తానే కూలబడింది. కొలువువాళ్లు అక్కడ కూర్చోకూడదు. పై అధికారి వచ్చి ఆమెను లేపాడు.

మర్నాడు సెలవు పెట్టి ఊరికి పోయింది. వదిన పోశవ్వ ఆమెను చూడగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భూమి దసరాకే పోయిందట. భూమయ్య అప్పటి నుంచీ పట్నంలోనే మొజంజాహీ మార్కెట్‌లో పండ్ల గంపలు మోస్తున్నాడట. చెల్లెలికి ఇచ్చిన జొన్నలు అక్కడి దుకాణంలో కొన్నవేనట.

పూలమ్మ బిత్తరపోయింది. పండ్లకు, కూరలకు తాను పోయేది ఆ మార్కెట్‌కే. తనను చూసి అన్న ఎన్నిసార్లు తప్పుకున్నాడో అనుకుంటూ పట్నం బండెక్కింది.

మార్కెట్ కమాను కింద బత్తాయి గంప నెత్తిన పెట్టుకుని భూమయ్య కనబడ్డాడు. చెల్లెలిని చూసి అలాగే నిలబడిపోయాడు.

"నువ్వు ఖుషీగ వదిలినవని మంత్రి అన్నడన్నా. అబద్ధమే గదా?"

అతను గంప దించాడు. "అబద్ధం గాదు చెల్లె. తహసీల్దార్ అడిగిండు, నేను ఔ అన్న. నా ఎన్క దొర మనుషులు నిలబడ్డరు. ఇంకేమంట?"

పూలమ్మ దారంతా మంత్రిని తిట్టుకుంటూ వచ్చింది. ఇప్పుడు ఎవరిని తిట్టాలో తెలియక గంప పక్కనే చతికిలబడింది.

ఆ సాయంత్రమే అన్నను బషీర్‌బాగ్‌లో వెంకటేశం ఉండే గదికి తీసుకుపోయింది. ఆయన అంతా విని, ఇదే మాట అధికారి ముందు చెప్తావా అని అడిగాడు. పూలమ్మ పక్కన ఉంటే చెప్తానన్నాడు భూమయ్య. వెంకటేశం సభలో మళ్లీ అడిగితే, విచారణ జరిపిస్తామని మంత్రి ఒప్పుకున్నాడు.

విచారణ రోజు తాలూకా కచేరీ వసారాలో ఆ దొర మనుషులే ఉన్నారు. మంత్రి మాటకు ఎదురు నిలిచినందుకు కొలువు పోతుందేమోనని బెదురుతూనే పూలమ్మ వచ్చింది. ఖుషీగా వదిలావా అని అధికారి అడిగాడు. భూమయ్య చెల్లెలి చేయి గట్టిగా పట్టుకున్నాడు.

"లేదు సాబ్. భయపడి ఔ అన్న."

ఆ మాట అన్నది తానేనా అన్నట్టు చెల్లెలి వైపు చూశాడు.

మెట్ట చెలక తిరిగొచ్చింది. చెరువు కింది పొలం కోర్టులో చిక్కుకుని రానేలేదు. భూమయ్య వానలకు ముందే ఊరికి పోయాడు. పూలమ్మ కొలువు నిలిచింది. తర్వాత సభలో ఎవరి పేరు చదివినా, ఆమె పని ఆపి ఆ మనిషిది ఏ ఊరో వినేది.