కక్కినంతా తిరిగి పోసిన ఆదివారం

పెనుగొండలో మా అత్తవారి వీధిలో నా పేరు ఎవరికీ తెలియదు. "లుంగీ అల్లుడుగారు" అంటే మాత్రం ఇట్టే గుర్తుపడతారు. ఈ బిరుదు సంపాదించడానికి నాకు ఒక్క పూట పట్టింది. ఆ పూట పదకొండు గుడ్డలు, ఒక డాక్టరుగారి ఆదివారం, నా మీద మావయ్యగారికి మిగిలిన కాస్త నమ్మకం ఒకేసారి నాశనమయ్యాయి. మా పాపకి మాత్రం ఏమీ కాలేదు. ముందే చెప్పేస్తున్నాను, కంగారు లేకుండా నవ్వుకోండి.

నేను రాజమండ్రిలో ఒక ఇంజనీరింగు కాలేజీలో నీటిపారుదల పాఠాలు చెబుతాను. కాలవలోకి ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఎంత మిగిలింది, ఇదే నా బతుకుతెరువు. లావణ్య పురిటికి పుట్టింటికి వెళ్లాక రెండు గదుల వాటాలో నేనొక్కణ్ణే మిగిలాను. ఒక్క మనిషికి సరిపడా అన్నం వండటం ఎంత కష్టమంటే, నీళ్లు కొలవడమే వృత్తిగా ఉన్నవాడికి కూడా ఆర్నెల్లయినా రాలేదు. రోజూ ఏడింటికి వీడియో కాల్. అందులో పాప చెవి కనబడేది. అదృష్టం బాగుంటే రెండో చెవి కూడా.

ఆదివారం ఆదివారం రావులపాలెం మీదుగా బస్సులో వెళ్లేవాణ్ణి. మావైపు అల్లుడికి జరిగే మర్యాద మీకు తెలియంది కాదు. కుర్చీ, ఫ్యాను, మూడు కూరలు, రెండు పచ్చళ్లు. ఇన్నిటి మధ్య సొంత కూతుర్ని ఎత్తుకోవడానికి చెయ్యి ఖాళీ ఉండదు.

"పాపని ఓసారి ఇలా ఇస్తారా అండీ?"

"చొక్కా పాడవుతుందండి అల్లుడుగారు. పాలు కక్కుతోంది," అనేవారు అత్తయ్యగారు.

"పర్లేదండి."

"ముందు టిఫిను కానివ్వండి."

చివరికి రెండు నిమిషాలు ఇచ్చేవారు. పాప నా మొహం వంక రైల్లో టిక్కెట్టు అడగడానికి వచ్చినవాణ్ణి చూసినట్టు చూసి, నా భుజం మీద ఇంత కక్కేది. వెంటనే తీసేసుకునేవారు. మళ్లీ ఆదివారం దాకా అంతే.

తల్లీబిడ్డల్ని బేసి నెలలోనే పంపాలి కదా. మూడో నెలలో వస్తారని ఇల్లంతా కడిగి పెట్టుకున్నాను. "కక్కులు తగ్గాక చూద్దామండి," అన్నారు. పోనీ ఐదో నెల అన్నాను. "తొమ్మిదో నెలైతే పిల్ల కూర్చుంటుంది కదండీ. అక్కడ చూసుకోడానికి ఎవరున్నారు?" అన్నారు అత్తయ్యగారు.

"నేనున్నానండి," అన్నాను.

ఆవిడ నా విస్తట్లో మజ్జిగ పోశారు.

అప్పటికి పాపకి మూడున్నర నెలలు. ఆ మజ్జిగ నా మనసులో బాగా నాటుకుపోయింది. అందుకే బంధువుల గృహప్రవేశం వచ్చిన ఆదివారం గొంతు సవరించుకుని, "మీరు ముగ్గురూ వెళ్లిరండి, పాపని నేను చూసుకుంటాను," అని ప్రకటించాను. లావణ్య రెండు స్టీలు గ్లాసుల్లో పాలు పిండి ఫ్రిజ్‌లో పెట్టింది.

"ఒకటి పదింటికి పట్టండి. రెండోది మేం ఆలస్యమైతేనే. పట్టాక భుజాన వేసుకుని తేన్పు వచ్చేదాకా తట్టండి. కాస్త కక్కుతుంది, కంగారుపడకండి."

"నేను కంగారుపడే మనిషినా?"

మావయ్యగారు చెప్పులు వేసుకోవడంలో మునిగిపోయారు.

పదింటికి గ్లాసుని వేణ్ణీళ్లలో పెట్టి, ఉగ్గుగిన్నెతో కొంచెం కొంచెంగా పట్టాను. సగం తాగి, పాప నా కళ్లలోకి చూసి నవ్వింది. నాకే నవ్వింది, గదిలో ఇంకెవరూ లేరు. ఆ సంతోషంలో తేన్పు సంగతి మర్చిపోయి రెండుసార్లు గాల్లోకి ఎత్తాను. చొక్కా మీద అరచేతంత మరక పడింది.

నాలోని ఇంజనీరు నిద్రలేచాడు. అరచేతంత మరకంటే తక్కువలో తక్కువ పావు గ్లాసు. పిల్ల లోటులో పడింది. పోయినంత పోస్తే లెక్క సరి. పోశాను. కక్కింది. మళ్లీ పోశాను. ఈసారి మరక రెండు అరచేతులంత. నా చొక్కా అయిపోయింది, తువ్వాళ్లు అయిపోయాయి, దిండు గలీబులు అయిపోయాయి, దండెం మీదున్న మావయ్యగారి లుంగీలోకి మారాను. మీరు నమ్మరు గానీ పాప ఒక్కసారీ ఏడవలేదు. ఒప్పుకున్న పని శ్రద్ధగా చేసేవాళ్లలా తాగడం, నవ్వడం, కక్కడం.

పదకొండున్నరకి రెండు గ్లాసులూ ఖాళీ. బక్కెట్లో పదకొండు గుడ్డలు. నా లెక్క ప్రకారం పాప తాగినదానికంటే కక్కిందే ఎక్కువ. మా సబ్జెక్టులో దానర్థం గట్టు తెగిందని.

పాపని భుజాన, సాక్ష్యం కోసం గుడ్డల్ని సంచిలో వేసుకుని, లుంగీ బనీనుతో రెండు వీధుల అవతల పిల్లల డాక్టరుగారింటికి పరిగెత్తాను. ఫోను ఫ్రిజ్ మీద వదిలేశాను. తలుపులు తెరిచే వదిలేశాను.

డాక్టరుగారు పెద్దావిడ. పాపని అటూ ఇటూ తిప్పి చూసి, తూకం వేశారు.

"పచ్చగా గానీ నెత్తురుగా గానీ పడిందా?"

"లేదండి."

"ఎగజిమ్మిందా? పాలు వద్దందా?"

"లేదండి. ఎన్నిసార్లు పోసినా తాగింది."

"ఎన్నిసార్లు పోశారు?"

"కక్కినప్పుడల్లానండి. లోటు భర్తీకి."

ఆవిడ కళ్లజోడు తీసి, చెంచాతో కాసిని నీళ్లు నా లుంగీ మీద పోశారు. ఇంత మరక పడింది.

"ఎన్ని నీళ్లుంటాయండీ ఇవి?"

"పావు గ్లాసు."

"ఒక్క చెంచా. మీరేం చేస్తుంటారు?"

"నీటిపారుదల పాఠాలు చెబుతానండి."

"పిల్లలకే?"

"అవునండి."

ఆవిడ ఆ పిల్లల గురించి కాసేపు బాధపడ్డారు. "పాప బంగారంలా బరువు పెరుగుతోంది. తేన్పు రానివ్వకుండా నిండిన కుండలో పోస్తే పొర్లక ఏం చేస్తుంది? కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు పట్టాలి. పట్టాక కాసేపు నిటారుగా ఎత్తుకోండి. పడుకోబెడితే మాత్రం వెల్లకిలా, చదునుగా. కూర్చునే వయసుకి చాలామందికి అదే తగ్గుతుంది. ఇక ఆ సంచి విప్పకండి."

తిరిగి వస్తుంటే అత్తవారింటి ముందు జనం. గృహప్రవేశం నుంచి తొందరగా వచ్చేసినవాళ్లకి తెరిచిన తలుపులు, ఖాళీ ఉయ్యాల, ఫ్రిజ్ మీద మోగుతున్న నా ఫోను దొరికాయి. మలుపులో ఒకాయన నాకే చెప్పాడు: "పాపని ఎవరో ఎత్తుకుపోయారటండి."

"ఎవరండీ?"

"అల్లుడేనటండి."

లావణ్య కళ్లు ఎర్రగా ఉన్నాయి. నేను జరిగిందంతా చెప్పాను, లుంగీ మీది చెంచాడు మరకతో సహా. అత్తయ్యగారు చేతులు చాపారు. పాప నా భుజం మీద నిద్రపోతోంది, పిడికిట్లో బనీను పట్టుకుని. ఆవిడ విడదీయబోతే మూలిగి, ఇంకా గట్టిగా పట్టుకుంది. తొమ్మిదో నెల కూడా పోయిందనుకున్నాను.

ఆవిడ చేతులు వెనక్కి తీసుకున్నారు. "ఈయనగారు వారానికోసారి వచ్చి, వారమంతా దాచుకున్నది ఒక్కపూటే పిల్ల మీద కుమ్మరిస్తున్నారే అమ్మాయీ. ఎవరికి అరుగుతుంది? ఈయనకీ రోజూ కొంచెం కొంచెంగానే ఇవ్వాలి. ఐదో నెలలో పంపేద్దాం."

సాయంత్రం చొక్కా ఉతికిస్తామంటే వద్దని సంచిలో పెట్టుకున్నాను. బస్సులో పక్కాయన లేచి వేరే సీట్లోకి మారాడు. రాజమండ్రిలో తాళం తీసి, చొక్కాని కుర్చీకి తగిలించి, యథాప్రకారం ఇద్దరికి సరిపడా అన్నం వండుకున్నాను. గదంతా పులిసిన పాల వాసన. చాలా రోజుల తర్వాత ఇంట్లో ఇంకెవరో ఉన్నట్టుంది.

ఉభయ గోదావరుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. మరకని చూసి పాలు కొలవను. తేన్పు వినకుండా గిన్నె ముట్టను. మావయ్యగారి లుంగీలో వీధి దాటను. ఆ చొక్కాని గురువారం దాకా ఉతకకపోవడం గురించి మాత్రం ఏ ప్రమాణమూ చెయ్యడం లేదు.