దెబ్బల బాబాయి

మా బాబాయికి రోజుకొక్కసారైనా ఎవరి చేతో ఒకరి చేత దెబ్బ తినకపోతే తోచదు. అలాగని ఆయన గొడవలమారి కాదు. చీమ ఎదురొస్తే పక్కకు తప్పుకుని దారిచ్చే రకం. ఎవరి మీదైనా చెయ్యెత్తడం మాట అటుంచి, గొంతెత్తడం కూడా మేమెవరం వినలేదు. కొట్టించుకోవడంలో మాత్రం ఆయన్ని మించినవాడు లేడు. అడిగి కొట్టించుకునేవాడు, బతిమాలి కొట్టించుకునేవాడు, సరిగ్గా కొట్టకపోతే నొచ్చుకునేవాడు.

నిజానికి ఆయన నాకేమీ కాడు. మేం పనిచేసే కార్టూన్ స్టూడియోలో అందరికీ బాబాయే. స్టూడియో అంటే మరీ గొప్పగా ఊహించుకోకండి. టైర్ల దుకాణం పైన, రెండో అంతస్తులో మూడు గదులు. టీవీలో పిల్లల కోసం వారానికోసారి వచ్చే సీరియల్ అక్కడ తయారయ్యేది. అందులో ఒక గాడిద, ఒక బాతు, ఒక ముళ్ళపంది కరాటే నేర్చుకుని ఓ దుమ్ములగొండితో పోరాడుతుంటాయి. అడవిలో చెట్ల నీడంతా తనదేనని ఆ దుమ్ములగొండి వాదన. ఎవరైనా నీడన నిలబడితే తరిమేస్తుంది. వారం వారం చావుదెబ్బలు తింటుంది. మళ్ళీ వారానికి ఒళ్ళు దులుపుకుని కొత్త కుట్రతో వస్తుంది. సిగ్గూ శరం లేని జంతువు.

నేను మాటలు రాసేవాణ్ణి. రంగుల అక్క రంగులు వేసేది. బాబాయి దుమ్ములగొండికి తగిలే దెబ్బలు గీసేవాడు. ఎపిసోడుకి ఇరవై రెండు దెబ్బలు, ముప్పై ఏళ్ళ అనుభవం, కింద బల్బు వెలిగే ఒక గాజు బల్ల. ఇదీ ఆయన ప్రపంచం.

"ఊహించి గీస్తే దెబ్బ తిన్న మొహం రాదబ్బాయ్, తుమ్ము రాబోయే మొహం వస్తుంది" అనేవాడు. అందుకని బల్లకి ఒక గుండ్రటి అద్దం బిగించుకున్నాడు. బల్ల కింద ఆయన ఆయుధాగారం ఉండేది. గాడిద తన్నుకి సోఫా దిండు, బాతు రెక్క విసురుకి చుట్ట చుట్టిన డ్రాయింగు కాగితాలు, ముళ్ళపంది గుద్దుకి బట్టలుతికే బ్రష్షు. స్టూలు మీద కూర్చుని, గడ్డం పైకెత్తి, "చూసి గీయడానికి రిఫరెన్సు కావాలి, ఒక్కటి వెయ్యి" అనేవాడు. ఆ అడగడం కూడా పక్కవాణ్ణి పెన్సిలు అడిగినంత మామూలుగా అడిగేవాడు.

నేను చేరిన మొదటిరోజు సంగతి చెబుతాను. మా స్టూడియో యజమానురాల్ని అందరం మేడం అనేవాళ్ళం. ఆవిడ నా మొదటి స్క్రిప్టును అందరి ముందూ పైకి చదివారు. చదివిన తర్వాత నా చేతికి ఒక ఎర్ర పెన్సిలిచ్చి, "ఇందులో నవ్వెక్కడుందో కాస్త గీత గీసి చూపించండి" అన్నారు. నేను పది నిమిషాలు వెతికాను. దొరకలేదు. మొహం చెల్లక మెట్ల వైపు నడుస్తుంటే వెనకనుంచి ఎవరో పిలిచారు.

"అబ్బాయ్, చేతులు ఖాళీగా ఉన్నాయా?"

"ఉన్నాయండీ."

"అయితే ఈ దిండు పట్టుకుని నన్నోటి కొట్టు."

నేను దిండును ఆయన భుజానికి ఆనించాను.

"ఇది దెబ్బా, దుమ్ము దులపడమా? మొహమాటపడకు. ఎవరినైనా తలుచుకుని కొట్టు."

"ఎవర్నండీ?"

"అది నాకు చెప్పకూడదు."

తలుచుకున్నాను. ఎవరినో మీరు ఊహించుకోగలరు. దిండు ధడేలుమంది, బాబాయి స్టూలుతో సహా అరగజం వెనక్కి జరిగాడు. అద్దంలో చూసుకుని "భేష్! వచ్చింది మొహం" అని మెచ్చుకుని, నాకు టీ తెప్పించాడు. ఆ మధ్యాహ్నం కూర్చుని స్క్రిప్టంతా తిరగరాశాను. ఈసారి మేడం రెండుచోట్ల నవ్వారు. ఉద్యోగం నిలబడింది. ఈ పిచ్చివాడెవడో గాని అడ్డం రావడం మంచిదైంది అనుకున్నానే తప్ప, అంతకుమించి ఆలోచించలేదు.

ఆయన దెబ్బల కోసం ఎవర్నీ వదిలేవాడు కాదు. ఓసారి జిరాక్సు మిషను బాగుచెయ్యడానికి మెకానిక్కు వచ్చాడు. పొద్దుటినుంచీ విప్పుతున్నాడు, బిగిస్తున్నాడు. అది కాగితాన్ని నమిలి ఉమ్మడం మానలేదు. మేడం వచ్చి, "మీరు దీన్ని బాగుచేస్తున్నారా, దీని దగ్గర పని నేర్చుకుంటున్నారా?" అన్నారు. మెకానిక్కు చెవులు కందిపోయాయి. ఆవిడ అటు వెళ్ళగానే బాబాయి ఇటు ప్రత్యక్షమయ్యాడు.

"బాబూ, ఒక్క దెబ్బ..."

"ఏమిటండీ?"

"దెబ్బ. నన్ను కొట్టాలి. దిండుతో."

మెకానిక్కు మావైపు చూశాడు. మేం తలలూపాం. అతను స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని, చొక్కా చేతులు మడిచి ఒక్కటిచ్చాడు. బాబాయి స్టూలు దిగి నేల మీద తేలాడు. తర్వాత పది నిమిషాల్లో మిషను బాగైపోయింది. మెకానిక్కు ఈల వేసుకుంటూ మెట్లు దిగాడు.

ఒకరోజు పిన్ని, అంటే బాబాయి భార్య, ఆయన మరిచిపోయిన గొడుగు తెచ్చింది. రంగుల అక్క ఉండబట్టలేక అడిగేసింది.

"పిన్నీ, ఇంట్లో కూడా ఇంతేనా?"

"పెళ్ళైన కొత్తలో అడిగారమ్మా. చీపురు చేతికిచ్చి, రిఫరెన్సు, ఒక్కటే ఒక్కటి అన్నారు."

"మరి?"

"ఇల్లు ఊడ్చుకుని వెళ్ళి పడుకున్నాను. ఇంకెప్పుడూ అడగలేదు."

బాబాయి ఆ పక్కనే నిలబడి, తనకు సంబంధం లేని విషయం విన్నట్టు గొడుగు ఊచలు లెక్కపెట్టుకున్నాడు.

ఇలా సాగుతున్న భోగం ఒక బుధవారంతో ఆగింది. ఆ పొద్దున్న రంగుల అక్కకి తిట్లు బాగా పడ్డాయి. గాడిద చెవులు ఒక సీన్లో బూడిదరంగులో, తర్వాతి సీన్లో గోధుమరంగులో ఉన్నాయట. "మధ్యలో తలకేమైనా రంగు వేయించుకుందా?" అని మేడం అడిగారు. అక్క ముక్కు ఎగబీలుస్తూ కూర్చుంటే, బాబాయి దిండు తెచ్చిచ్చి గడ్డం పైకెత్తాడు. అక్క సన్నగా పీలగా ఉంటుంది. కాని ఆ రోజు కొట్టిన దెబ్బకి దిండు పగిలింది. సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని సీరియల్ కొనే ఛానెలాయన లోపలికొచ్చాడు. నల్లకోటు మీద దూది, మీసాల మీద దూది. ఆయన నోట్లోంచి ఒక పోగు తీసుకుని, "ఇక్కడ పనేమైనా జరుగుతుందా?" అన్నాడు.

సాయంత్రానికి గోడ మీద నోటీసు పడింది. "ఇకపై ఈ ఆఫీసులో కొట్టినవారికి, కొట్టించుకున్నవారికి ఇద్దరికీ అదే ఆఖరి రోజు." కింద మేడం సంతకం.

మేడం మాటంటే మాటే. మాకు నిజంగా భయం వేసింది. మా ఉద్యోగాలు పోతే ఇంకోచోట దొరుకుతాయి. బాబాయికి దొరకదు. మిగతా స్టూడియోలన్నీ ఎప్పుడో కంప్యూటర్లకి మారిపోయాయి. ఆయన ఓసారి ప్రయత్నించి, "మౌస్ పట్టుకుంటే నాకు గీత రాదర్రా, చెమట వస్తుంది" అని వచ్చేశాడు. చేత్తో గీసేవాళ్ళని ఉంచుకున్నది మేడం ఒక్కరే. ఇక్కణ్ణుంచి వెళితే ఆయన పెన్సిలు ఇంట్లో చాకలిపద్దు రాసుకోడానికే.

"బాబాయ్, నీకు దణ్ణం పెడతాం. ఇంక ఎవర్నీ అడక్కు" అన్నాం.

"అడగనర్రా. నోటీసు చదివాను" అన్నాడు.

మాట నిలబెట్టుకున్నాడు కూడా. మూడు వారాలు ఒక్క దెబ్బ లేదు. అయితే ఆఫీసు మాత్రం ఏదో తేడాగా తయారైంది. తిట్లు తిన్నవాడు తిన్నట్టే కూర్చునేవాడు, ఆ మొహంతోనే ఇంటికెళ్ళేవాడు, మర్నాడు అదే మొహం వేసుకుని వచ్చేవాడు. నా స్క్రిప్టుల్లో నవ్వు మళ్ళీ కనబడకుండా పోయింది. విచిత్రమేమిటంటే, బాబాయి బొమ్మలకి మాత్రం ఏ లోటూ రాలేదు. దుమ్ములగొండి ఎప్పటిలాగే చక్కగా దెబ్బలు తింటోంది.

ఈ తిరకాసు పట్టుకున్నది రంగుల అక్క. ఏ బొమ్మకి ఏ రోజు రంగు వేసిందో గోడ క్యాలెండరు మీద రాసుకోవడం ఆవిడకి అలవాటు. ఒక మధ్యాహ్నం నన్ను చెయ్యి పట్టి లాక్కెళ్ళింది.

"ఇది చూడు. గాడిద వెనక్కాళ్ళతో ఛాతీ మీద తన్నే దెబ్బ. నేను దీనికి రంగు వేసింది సోమవారం."

"అయితే?"

"దీని రిఫరెన్సుకని బాబాయి నాచేత కొట్టించుకున్నది ఆ తర్వాత బుధవారం, దిండు పగిలిన రోజున!"

ఇద్దరం క్యాలెండరు ముందు నిలబడి వెనక్కి లెక్కలు వేసుకున్నాం. జిరాక్సు మెకానిక్కు కొట్టిన దెబ్బకి రంగు అంతకు వారం ముందే పడింది. నేను కొట్టిన దెబ్బ అప్పటికే టీవీలో వచ్చేసింది కూడా. మరి ఎందుకు కొట్టించుకున్నట్టు? కొట్టినవాళ్ళ పేర్లు చెప్పుకుంటూ పోతే అదీ తేలింది. ఆ రోజు ఎవరికి బాగా తిట్లు పడితే వాళ్ళే కొట్టారు. తిట్లు పడనివాణ్ణి బాబాయి ఒక్కనాడూ అడగలేదు.

నాకు నవ్వొచ్చింది. నామీద నాకు కాస్త సిగ్గు కూడా వేసింది. పిచ్చివాడని ఎంతమందితో చెప్పానో!

వెళ్ళి నిలదీశాం. బాబాయి తలెత్తలేదు.

"ముందు ఆ రంగు ఆరిందో లేదో చూసుకోండి, వెళ్ళండి" అన్నాడు.

ఆ తర్వాతి మంగళవారం ఛానెల్ నుంచి మేడంకి ఫోనొచ్చింది. ఆవిడ గదికి గాజు తలుపు. మాట వినబడదు, మనిషి కనబడతారు. ఎప్పుడూ కూర్చుని మాట్లాడే ఆవిడ లేచి నిలబడ్డారు. పెదవుల కదలికని బట్టి "సరే సార్" అని పదకొండుసార్లు అన్నారు. ఫోను పెట్టేసి బయటికొచ్చారు. మేమంతా తలలు దించేసి, రాబోయే పిడుగు ఎవరి మీద పడుతుందా అని చూస్తున్నాం. ఏ పిడుగూ పడలేదు. ఆవిడ దగ్గర్లో ఉన్న స్టూలు మీద కూర్చుని, కళ్ళజోడు తీసి, "ఈ వారం ఎపిసోడు తిప్పి పంపారు. గురువారంలోగా ముగింపు మార్చకపోతే సీరియల్ ఇంతటితో సరి అన్నారు" అని మాత్రం చెప్పి ఊరుకున్నారు.

బాబాయి బల్ల కిందకి వంగడం చూశాను. "బాబాయ్, వద్దు" అని చొక్కా పట్టుకున్నాను. ఆయన చొక్కా విడిపించుకుని, కొత్త గలీబు తొడిగిన దిండుతో వెళ్ళి మేడం ముందు నిలబడ్డాడు.

"మేడం, ఆఖరి దెబ్బకి రిఫరెన్సు కుదరడం లేదు. ఒక్కటి వెయ్యాలి."

మేడం కళ్ళజోడు పెట్టుకుని నోటీసు వైపు చూపించారు.

"అది చదివారా?"

"చదివాను మేడం. ఇద్దరికీ ఆఖరి రోజని ఉంది. మీరు వెళ్ళిపోతానంటే నేనూ వచ్చేస్తాను."

"ఆ దెబ్బ మీరు వారం కిందటే గీసిచ్చారు బాబాయిగారూ. వాళ్ళు బాగాలేదన్నది దాన్నే. గీసేసిన బొమ్మకి రిఫరెన్సెందుకు?"

బాబాయి దొంగతనం బయటపడ్డవాడిలా దిండును వెనక్కి దాచుకున్నాడు. రంగుల అక్క ఆగలేకపోయింది.

"ఆయన ఎప్పుడూ అంతే మేడం. గీసేశాకే కొట్టించుకుంటాడు."

"ఎవరిచేత?"

"మీరు... ఎవర్ని తిడితే వాళ్ళ చేత."

మేడం మా ఒక్కొక్కరి మొహమే చూశారు. జాబితా పెద్దదే, కాస్త సమయం పట్టింది. తర్వాత చెయ్యి చాచారు. బాబాయి దిండు ఇచ్చి, స్టూలు మీద కూర్చుని, గడ్డం పైకెత్తాడు. ఆవిడ నెమ్మదిగా ఒకటి తట్టారు.

"మొహమాటం మేడం. ఎవరినైనా తలుచుకోండి."

తలుచుకున్నారు. ఒకటితో ఆగలేదు, తొమ్మిది పడ్డాయి. ఏడో దెబ్బకి ఆవిడ జడ ఊడిపోయింది. తొమ్మిదోదానికి ఆవిడే ఫక్కున నవ్వేశారు. ఇన్నేళ్ళలో ఆవిడ అంత గట్టిగా నవ్వడం అదే మొదలు. జుట్టు ముడేసుకుంటూ, ఆయాసపడుతూ, "అద్దంలో చూసుకోండి! ఆ మొహమే గీయండి. కదలకండి!" అని అరిచారు.

అలా మా బాబాయి జీవితంలో మొదటిసారి నిజంగా దెబ్బ తిన్నాక దెబ్బ గీశాడు. అక్క ఆ రాత్రే ఇంటికి తీసుకెళ్ళి రంగు వేసింది. నేను ఆ సీన్లో మాటలన్నీ కొట్టేశాను, అక్కర్లేదనిపించి.

గురువారం పొద్దున్నే ఛానెలాయన స్వయంగా వచ్చాడు. నల్లకోటు ఈసారి ఇంట్లో వదిలి వచ్చాడు. ముగింపు చూశాడు. గాడిద, బాతు, ముళ్ళపంది మూడూ కలిసి ఇచ్చిన దెబ్బకి దుమ్ములగొండి గాల్లోకి లేచి నీడ దాటి ఎండలో పడుతుంది. ఆయన అక్కడ ఆపించి, తెర దగ్గరికి వెళ్ళి చూశాడు.

"ఇంత దెబ్బ తింటూ వీడెందుకు సంతోషంగా ఉన్నాడు?"

"అది మా ఆఫీసు వ్యవహారం లెండి" అన్నారు మేడం.

ఆయన ఇంకోసారి వేయించుకుని చూశాడు. నవ్వలేదు గాని సంతకం పెట్టాడు. పెట్టి, కుర్చీలో జారగిలబడి నుదురు రుద్దుకున్నాడు. ఈలోగా జేబులో ఫోను మోగింది. లేచి నిలబడి "సరే సార్, సరే సార్" అన్నాడు.

"పాపం, ఈయనకీ పైన ఎవరో ఉన్నారబ్బాయ్" అని బాబాయి నా చెవిలో గొణిగి, స్టూలు ఆయన వైపు జరుపుకున్నాడు.