ఓనరమ్మ సెలవు

పెద్ద హోటలు కింద, ఆవిరి తప్ప గాలి ఆడని నేలమాళిగలో దుప్పట్లు ఇస్త్రీ చేసేది మా పెద్దత్త. చెయ్యి గట్టిది, నోరు అంతకన్నా గట్టిది.

ఆ మధ్య కార్మిక చట్టాలను సంస్కరించారు. సంస్కరణంటే ఏమిటో చెప్పడానికి మేనేజరు టై కట్టుకుని మొదటిసారి నేలమాళిగలోకి దిగాడు. దిగుతూనే గుమ్మం నెత్తికి కొట్టుకుంది.

"ఇకమీదట మీరెవరూ కూలీలు కారు. ఎవరికి వాళ్ళే ఓనర్లు. కంపెనీకి భాగస్వాములు!" అని, నుదురు రుద్దుకుంటూ తన మాటలకు తనే చప్పట్లు కొట్టాడు.

ఓనర్లయిన మరుక్షణం వాళ్ళకు జబ్బు సెలవు పోయింది, బీమా పోయింది, కూర్చునే పీటలు కూడా పోయాయి. పని ఉంటే ఫోను మోగుతుంది, లేకపోతే లేదు. ఎంత వైభోగం!

కొన్నాళ్ళకే, అక్కడే పనిచేసే అత్త చిన్నకోడలి చెయ్యి దుప్పట్లు ఇస్త్రీ చేసే వేడి రోలరులో పడి కమిలిపోయింది.

"నీ సొంత వ్యాపారంలో నీకు దెబ్బ తగిలిందమ్మా. కంపెనీ ఏం చేస్తుంది?" అన్నాడు మేనేజరు.

పక్కనే ఉన్న అత్త అడిగింది. "అయితే బాబూ, ఓనరుకి సెలవు కావాలంటే ఎవర్ని అడగాలి?"

"ఎవర్నీ అడగక్కర్లేదు. అదేగా స్వేచ్ఛ!"

"అంతే చాలు నాయనా."

మర్నాడు ఒక్క ఓనరూ రాలేదు. పైన హోటలు నిండా అతిథులు. మేనేజరు తనే ఇస్త్రీ పట్టి, దుప్పట్లు మాడ్చి, చివరికి అత్త గుమ్మంలో తేలాడు.

"ఏంటి పిన్నిగారూ ఇది? మనమంతా ఒక కుటుంబం కదా!"

"కుటుంబమా? అయితే లోపలికొచ్చి మా కోడలి చెయ్యి చూసి మాట్లాడు."

లోపలికి రావడానికి ఆ మహానుభావుడికి కాళ్ళు రాలేదు. వాచీ చూసుకున్నాడు. అయినా రేపటి దుప్పట్ల భయం గొప్పది. ఆస్పత్రి ఖర్చు కంపెనీ పెట్టుకుంది, పీటలు తిరిగొచ్చాయి, మిగతావాళ్ళు పనిలోకి వెళ్ళారు.

అత్త ఫోను మాత్రం మళ్ళీ మోగలేదు. తీసేశారా అని అడిగితే, "అసలు ఉద్యోగే కానివాళ్ళని ఎలా తీసేస్తామండీ?" అన్నారట. చట్టం రాసిన పెద్దల తెలివి అది. మెడ కోసినా కత్తికి నెత్తురంటదు.

ఆ రోజు గదిలో తలుపేసుకుని ఏడ్చింది అత్త. మేమెవరం పలకరించే ధైర్యం చెయ్యలేదు. తర్వాత నాలుగిళ్ళ బట్టలు తెచ్చుకుని ఇంట్లోనే ఇస్త్రీ చెయ్యసాగింది.

కోడలి వేళ్ళు ఇప్పటికీ పూర్తిగా తెరుచుకోవు. రోజూ పొద్దున్నే అత్త నూనె రాసి ఒక్కో వేలూ సాగదీస్తుంది.

"తిట్టండి అత్తయ్యా, మీరు తిడుతుంటే నొప్పి తెలీదు" అంటుంది ఆ పిల్ల.

అత్త మేనేజరుతో మొదలుపెడుతుంది.