లాకు రాడ్డు మీద టోపీ

ఆ రాళ్ల క్వారీకి ఎక్కే దారిలో ఒక మలుపు ఉంది. ఎడమ పక్క కొండ, కుడి పక్క ఏమీ లేదు. ఏమీ లేదంటే నిజంగా ఏమీ లేదు. వాన పడుతుంటే కింద లోయ అడుగు కూడా కనిపించదు. అక్కడికి రాగానే జీపులో అందరూ మాటలు ఆపేస్తారు. సుత్తి ఒక్కడే ఆపడు. రాళ్లు కొట్టే పని కాబట్టి అతన్ని సుత్తి అన్నారని కొందరంటారు. కాదు, నోరు తెరిస్తే మూయడు కాబట్టి అన్నారని మిగతావాళ్లంటారు.

ఆ దారిలో కూలీల జీపు నడిపేవాడు టోపీ మామ. బట్టతల దాచుకోవడానికి పెట్టిన ఖాకీ టోపీ చివరికి ఆయన పేరై కూర్చుంది. లోకంలో జనానికి టోపీ పెట్టేవాళ్లు కావలసినంతమంది. తన టోపీ తానే తీసి పక్కన పెట్టేవాడు మాత్రం ఈయనొక్కడే. ఎందుకు తీస్తాడో ముందే చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

మలుపుకు పైన బంకమట్టి దారి ఉంది. వాన పడితే అక్కడ వెనక చక్రాల్లో ఒకటి ఊరికే గిర్రున తిరుగుతుంది, రెండోది కదలదు. అప్పుడు బండి ఆపి, స్టీరింగు తిన్నగా పెట్టి, గేరు రాడ్డు పక్కనున్న లాకు రాడ్డును ముందుకు తొయ్యాలి. రెండు చక్రాలూ జంటగా తిరిగి బండి నెమ్మదిగా బురద దాటుతుంది. దాటగానే మళ్లీ ఆపి లాకు తీసెయ్యాలి. గట్టి నేల మీద మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ పోవాలి. లాకు ఉంటే రెండింటిదీ ఒకే మొండిపట్టు. స్టీరింగు ఎంత తిప్పినా బండి ముక్కుసూటిగా పోతుంది. ఆ మలుపులో ముక్కుసూటిగా ఏముందో చెప్పాను కదా.

"మన కాపురం లాంటిదే. ఇద్దరూ బిగుసుకుంటే బండి తిరగదు, ఒకరు తగ్గాలి," అనేది ఆయన భార్య.

"ఆ తగ్గేది ఎప్పుడూ నేనేగా!"

"మరి ఎటు తిరగాలో చెప్పేది నేను కదా!"

లాకు వేసి ఉందని చెప్పే ఎర్ర లైటు ఒకటి ఉండేది. అది ఎప్పుడో మాడిపోయింది. కొత్తది వేయించమంటే, "లైటెందుకు, టోపీ ఉందిగా!" అనేవాడు. లాకు వెయ్యగానే టోపీ తీసి ఆ రాడ్డుకు తగిలిస్తాడు. లాకు తీశాక మళ్లీ నెత్తిన పెట్టుకుంటాడు. మలుపు ముందు కళ్లు రోడ్డు మీద, చెయ్యి నెత్తి మీద. టోపీ తగిలితే లాకు లేనట్టే. బట్టతల తగిలితే బండి అక్కడే ఆగాల్సిందే. ఇన్నేళ్లలో ఒక్కసారీ తప్పలేదు. అదే కొంప ముంచింది. ఎప్పుడూ తప్పనిదాన్ని మనిషి మళ్లీ తిరిగి చూసుకోడు కదా!

ఆ రోజు మధ్యాహ్నమే వాన ముంచుకొచ్చి పని ఆపేశారు. ఆయన కూతురు పైన క్యాంటీన్లో వంట చేసేది. అప్పుడు ఐదో నెల. ఆమెను ఇంటికి తీసుకుపోవడానికి అల్లుడు పొద్దుటే పైకి వచ్చి కూర్చున్నాడు. అల్లుడంటే టోపీ మామకు పెద్ద గురి లేదు. బట్టల షాపులో చీరలు మడతపెట్టే మనిషి. నోట్లో నాలుక లేదు, "అలాగే మామయ్యా" తప్ప రెండో మాట రాదు. "మాటలు కూడా మడతపెట్టి లోపలే దాచుకుంటాడే వీడు," అని భార్య దగ్గర విసుక్కునేవాడు.

ముందు సీటు మీద టాపు కారుతోందని కూతుర్ని వెనక కూలీల మధ్య కూర్చోబెట్టారు. అల్లుడు ముందు ఎక్కాడు. సుత్తి ఎప్పటిలాగే వెనక తలుపు రేకు మీదికెక్కి కూర్చున్నాడు.

"ఏం బావా, ఇవాళ మనవడు కూడా బండిలోనే ఉన్నాడు. జాగ్రత్త!"

"నువ్వు కాసేపు నోరు మూస్తే అందరం క్షేమంగా దిగుతాం."

వాళ్లిద్దరి మధ్య అదే ఆఖరి మాట.

బురద ముందు బండి ఆపాడు. లాకు వేశాడు. టోపీ తీసి రాడ్డుకు తగిలించాడు. దారంతా నీళ్లకు కోసుకుపోయి ఉంది. ఏ గుంతలో చక్రం దిగబడుతుందోనని ఆయన కళ్లు మట్టి మీంచి తిప్పడం లేదు. టాపు చిరుగులోంచి చన్నీళ్లు టపటపా బట్టతల మీద పడి కళ్లలోకి కారుతున్నాయి. తుడుచుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు.

అల్లుడు అది చూశాడు. పాపం, చూడకుండా ఉంటే ఎంత బాగుండేది! పెద్దాయన తడుస్తున్నాడు, టోపీ చూస్తే పక్కనే ఊరికే వేలాడుతోంది. ఆ టోపీ లెక్క అతనికెవరూ చెప్పలేదు. మాటతో మెప్పించలేనివాడు చేత్తోనైనా ఏదో చెయ్యాలనుకున్నాడు. టోపీ తీసి, దులిపి, ఎంతో మెల్లగా మామ నెత్తిన పెట్టాడు. మామకు తెలిసిందల్లా ఆ చన్నీళ్లు ఆగాయనే.

బురద దాటింది. రాతి నేల వచ్చింది. అలవాటుగా చెయ్యి నెత్తి మీదికి పోయింది. టోపీ ఉంది. ఇక ఆపలేదు.

మలుపులో స్టీరింగు బరువుగా తగిలింది. ఇంకా తిప్పాడు. ముందు చక్రాలు తిరిగాయి, బండి తిరగలేదు. వెనక టైర్లు రాతి మీద కీచుమన్నాయి. అప్పుడు అర్థమైంది. బలమంతా పెట్టి బ్రేకు తొక్కాడు. ముందు చక్రం అంచునున్న గట్టురాయిని గుద్దుకుంది, బండి వెనక భాగం ఎగిరిపడి ఆగింది.

సుత్తి అప్పటిదాకా ఏదో చెబుతూనే ఉన్నాడు. ఆ మలుపు దగ్గర అతని మాట ఆగిపోవడం అదే మొదటిసారి.

కూలీలు అంచు దగ్గర బోర్లా పడుకుని, కిందికి పడిపోయిన సుత్తిని పిలుస్తున్నారు. వాన చప్పుడు తప్ప జవాబు లేదు. కూతురు పొట్ట పట్టుకుని దిగింది, ఆమెకేమీ కాలేదు. తండ్రి దగ్గరికి పరుగున వచ్చి, చూసి, అక్కడే నిలబడిపోయింది. రాడ్డు ముందుకే ఉంది. టోపీ నెత్తిన ఉంది. ఆ టోపీ లెక్క చూస్తూ పెరిగిన పిల్ల ఆమె.

"నాన్నా... లాకు తియ్యకుండా టోపీ ఎవరు పెట్టారు?"

ఎన్నడూ పెగలని అల్లుడి నోరు అప్పుడు పెగిలింది. "మామయ్యా, అది..."

టోపీ మామ అతని మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. నిజం బయటపడితే వీడు బతకడు, కూతురి కాపురం బతకదు. పైగా ఆ లైటు వేయించనిది వీడా?

"నేనే పెట్టుకున్నానమ్మా. మతిమరుపు. బాబూ, నువ్వు ముందు అమ్మాయిని కొండ వైపు తీసుకుపో."

క్వారీవాళ్లు జీపు తాళాలు తీసేసుకున్నారు. ముసలాడికి మతి చెడిందన్నారు. అన్నీ పడ్డాడు. సుత్తి భార్య మాత్రం ఎదురుపడితే ఎప్పటిలా "అన్నయ్యా" అనకుండా తల తిప్పుకుని పోయేది. అది ఆయన గుండెలో గునపంలా దిగింది. టోపీ ఎవరు పెట్టారో ఇంట్లో భార్యకు కూడా చెప్పలేదు.

మనవరాలు పుట్టి నడక నేర్చింది. ఒక సాయంత్రం మామ వాకిట్లో కుర్చీలో కూర్చుని ఉండగా చినుకులు మొదలయ్యాయి. అల్లుడు లోపల్నుంచి టోపీ తెచ్చాడు. తెచ్చి, పట్టుకుని, కుర్చీ వెనకే నిలబడిపోయాడు.

"చేత్తో పట్టుకుని నిలబడతారేం? నాన్న తడిసిపోతున్నారు, నెత్తిన పెట్టండి!" అంది కూతురు గుమ్మంలోంచి.

టోపీ మామ వెనక్కి తిరగకుండానే తల కాస్త వంచాడు.

"పెట్టు బాబూ," అన్నాడు మెల్లగా. "బండి ఆగే ఉంది."

అల్లుడి చేతులు లేవలేదు. ఇద్దరూ అలాగే తడిశారు.