చేతులు వెనక్కి పట్టి అడిగిన ప్రశ్నలు

1982 జూలైలో, బి.ఏ. చివరి సంవత్సరంలో ఉండగా, నాకు మొదటి 'కేసు' అప్పగించారు. తర్వాత ముప్పై ఏళ్లకు పైగా చెవిటి పిల్లల బళ్లలో పనిచేసి రిటైరయ్యాను. అయినా ఉద్యోగం అనగానే నాకు ముందు గుర్తొచ్చేది జీతం లేని ఆ మొదటి పనే. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

తిరుపతిలో మా కాలేజీలో నా మేజరు మనస్తత్వశాస్త్రం, మైనరు ప్రత్యేక విద్య. అంటే చూపులోనో వినికిడిలోనో బుద్ధి వికాసంలోనో ఇబ్బంది ఉన్న పిల్లలకు చదువు చెప్పే పద్ధతులు. ఆ మైనరు తీసుకున్నవాళ్లం కొద్దిమందిమే. మా ఇంట్లో అదేం చదువని నవ్వారు. చివరి సంవత్సరంలో ఒక్కొక్కరికీ ఒక పిల్లనో పిల్లవాడినో కేటాయించేవారు. ఆదివారాలు ఇంటికి వెళ్లి పాఠం చెప్పాలి, ఆఖర్న నివేదిక రాయాలి. దానికి మా లెక్చరర్ మార్కులు వేసేవారు.

నాకు వచ్చిన పిల్ల నగరి ఊళ్లో ఉండే చెంగమ్మ. పుట్టు చెవుడు. తండ్రి మునిరత్నం పవర్లూమ్ షెడ్డులో నేతపని చేసేవాడు, తల్లి దేశమ్మ అక్కడే నూలు కండెలు చుట్టేది. తిరుపతి దగ్గర చెవిటి పిల్లల వసతి బడి ఒకటి ఉండేది. చెంగమ్మను అందులో చేర్చాలి. ఆ ఏడు దాటితే చేర్చుకునే వయసు దాటిపోతుంది. జిల్లాలో అలాంటి పిల్లకు వేరే దారి లేదు. ఇంటర్వ్యూకు ఆమెను సిద్ధం చేయడం నా పని.

అప్పట్లో మాకు నేర్పింది మౌఖిక పద్ధతి. పిల్లను అద్దం ముందు కూర్చోబెట్టి, నోటి ముందు సన్నటి కాగితం ముక్క పట్టుకుని 'ప' అనాలి. కాగితం ఊగడం చూసి పిల్ల కూడా అలాగే ఊదుతుంది. ఎదుటివాళ్ల పెదాల కదలిక చూసి మాట పోల్చుకోవడం రెండో మెట్టు. వీటన్నిటికీ ముందు ఒక నియమం ఉండేది. సైగలు చేయనిస్తే నోరు పలకదు కాబట్టి పాఠం జరిగినంతసేపూ పిల్ల చేతులు వెనక్కి కట్టుకోవాలి. కట్టుకోకపోతే ఎవరో ఒకరు పట్టుకోవాలి. పరీక్షలో ఈ నియమం రాసి నేనూ మంచి మార్కులే తెచ్చుకున్నాను.

మొదటి ఆదివారం నగరి వెళ్లేసరికి ఇంటికి తాళం వేసి ఉంది. సరుకు తొందరగా కావాలని ఆ రోజు కూడా మగ్గాలు నడుపుతున్నారట. షెడ్డుకే వెళ్లాను. లోపల చెవులు చిల్లులు పడే మోత. ఎవరూ నోరు విప్పడం లేదు, అందరూ చేతులతోనే మాట్లాడుకుంటున్నారు. రెండు వేళ్లు విరిచినట్టు చూపితే పోగు తెగిందని అర్థం. మెడ చుట్టూ వేలితో గీత గీస్తే ఓనరు వస్తున్నాడని, ఆయన మెడలో లావుపాటి గొలుసు ఉండేదిలెండి. చెంగమ్మ మగ్గాల మధ్య తిరుగుతూ వీళ్ల కబురు వాళ్లకు చేరవేస్తోంది. మధ్యలో ఓనరు నడక నడిచి చూపించి అందరినీ నవ్విస్తోంది. చెవుడు ఎవరికో తెలియకుండా లోపలికి వచ్చినవాళ్లు ఆ పిల్లను మాత్రం పోల్చుకోలేరు.

మునిరత్నం నన్ను బయటికి తీసుకొచ్చి చెప్పాడు. "ఈ మోతలో ఎవురి మాటా ఎవురికీ ఇనపడదు మా. ఈడ మా పాపే అందరికన్నా ఎక్కువ మాట్లాడతాది."

మర్నాడు లెక్చరర్‌తో ఈ సంగతి చెప్పి, ఇంటర్వ్యూలో ప్రశ్న అర్థమయ్యేంతవరకైనా సైగలు వాడనివ్వమని అడిగాను. సైగలు కోతులు కూడా చేస్తాయని ఆయన నవ్వేశారు. ఎదురు చెప్పలేదు గానీ నేను ఆయన మాట సగమే విన్నాను. అర్థం చేతులతో చెప్పి, మాట నోటితో పలికించాను. కొన్ని నెలల్లో చెంగమ్మ 'ప', 'మ' పలికింది. పెదాలు చూసి ఇంట్లోవాళ్ల పేర్లు పోల్చుకుంది. తన పేరు, అమ్మ, నూలు, కండె అని పలక మీద రాసింది.

ఇంటర్వ్యూ గదిలో హెడ్మాస్టరు, ఒక డాక్టరు, మా లెక్చరర్ కూర్చున్నారు. ఆ బడిలో పనిచేసే ఆయా చెంగమ్మ రెండు చేతులూ వెనక్కి పట్టుకుంది. మొదటి ప్రశ్న డాక్టరుది. ఆయన తలెత్తలేదు. కాగితాలు చూసుకుంటూనే నీ పేరేమిటని అడిగాడు. పెదాలు చూసి గ్రహించాల్సిన పిల్లకు ఆ పెదాలే కనిపించలేదు. నేను ఆ మాటే అన్నాను. విద్యార్థినులు మాట్లాడకూడదన్నారు. పలక ఇమ్మన్నాను. మౌఖికం పాసయితేనే రాత అన్నారు. చెంగమ్మ చేతులు విడిపించుకోవాలని గింజుకుంది. దాన్ని మొండితనం కింద రాసుకున్నారు. కాసేపటికి హెడ్మాస్టరు తీర్పు చదివారు. బుద్ధిమాంద్యం, పాఠశాలకు అర్హురాలు కాదు.

వరండాలో నిలబడి అంతా చూస్తున్న మునిరత్నం లోపలికి వచ్చాడు. ఆయా చేతులు తీసి పక్కన పెట్టాడు. అరవలేదు.

"దీనికి చేతులే నోరు సార్. నోరు మూసిపెట్టి మాట్లాడమంటే యాడ మాట్లాడతాది?"

చేతులు విడిపడగానే చెంగమ్మ డాక్టరు వైపు చూపిస్తూ తండ్రితో ఏదో అంది. ఏమంటోందని హెడ్మాస్టరు అడిగారు.

"ఆయప్పకు కండ్లు కనపడవా అని అడగతా ఉండాది సార్. ఎవురి మొగమూ సూడకుండా మాట్లాడతాడంట."

బుద్ధిమాంద్యం ఉన్న పిల్ల అడిగే ప్రశ్నేనా ఇది అని నేను అడిగాను. మా లెక్చరర్ నన్ను బయటికి పొమ్మన్నారు. తీర్పు మారలేదు.

నా నివేదికలో కమిటీ మాటే రాయమన్నారు. నేను షెడ్డులో చూసింది, ఆ గదిలో చూసింది రాసి ఇచ్చాను. మైనరు అత్తెసరు మార్కులతో గట్టెక్కింది. చిత్తూరులో నాకు మొదటి ఉద్యోగం వచ్చేదాకా నగరి వెళ్లి చెంగమ్మకు అక్షరాలు నేర్పాను. ఆమె ఏ బడిలోనూ చదవలేదు, నేతపనిలోనే స్థిరపడింది. చాలా ఏళ్ల తర్వాత ఒక సదస్సులో అదే లెక్చరర్ చెవిటి పిల్లలకు సైగల భాష ఎంత అవసరమో గంటసేపు చెప్పి శాలువా కప్పించుకున్నారు. తన పాత నియమం గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. నేను రెండో వరసలో కూర్చుని ఉన్నాను. చప్పట్లు కొట్టలేదు.

ఆ మైనరు చదివిన అర్హతతోనే నాకు ఉద్యోగం వచ్చింది. ఆ మైనరులో నేర్పిన నియమంతోనే చెంగమ్మకు సీటు పోయింది. తర్వాత అలాంటి కమిటీల్లో నేనూ చాలాసార్లు కూర్చున్నాను. పిల్ల చేతులు ఎవరైనా పట్టుకుని ఉంటే ఇంటర్వ్యూ మొదలుపెట్టనివ్వలేదు. పిల్ల జవాబు చెప్పకపోతే ముందు మేం ఎలా అడిగామో రాయించేదాన్ని. ఆ తర్వాతే పిల్ల గురించి రాయనిచ్చేదాన్ని.