ఆఫీసర్ కోసం ఆమె వెనక వెతికాను

సముద్రపు దొంగల భయంతో ఏడెన్ వైపు యుద్ధనౌకలు తిరుగుతున్న రోజులవి. ఈ గల్ఫ్ దేశంలో, రైసూత్ పోర్టుకొచ్చే ఓడలకు కూరగాయలు, గుడ్లు, పాలు పంపే కంపెనీలో నేను క్లర్కుని. ఓడ దగ్గరికెళ్లి సరుకు అప్పగించే జెట్టీ డ్యూటీ ఆడవాళ్లకు ఇచ్చేవారు కాదు. ఏసీ గదిలో టైపు కొట్టీ కొట్టీ నాకు విసుగెత్తిపోయింది. ఆరు నెలలు మేనేజరు ప్రాణం తోడేస్తే చివరికి ఒప్పుకున్నాడు. "ఒక్క కంప్లైంట్ వచ్చిందంటే బస్, ఖతం. మళ్లీ గేటు దాటేది లేదు," అన్నాడు.

మొదటి రోజే అమెరికా యుద్ధనౌక. ఓడ మెట్ల దగ్గర ఒక నల్లజాతి ఆవిడ, ఆవిడ వెనక ఆరడుగుల తెల్లాయన నిలబడి ఉన్నారు. నేను ఆవిడను జరగమన్నట్టు చెయ్యి ఊపి, సరుకు కాగితాలు ఆయన చేతిలో పెట్టి "గుడ్ మార్నింగ్ సర్" అన్నాను. ఆయన ముఖం కందగడ్డ అయింది. వాటిని ఆవిడకు అందించి, "ఆఫీసర్ ఈవిడ," అన్నాడు.

మా డ్రైవరు కరీంనగర్ అబ్బాయి. "ఏందక్కా గిట్ల జేస్తివి! ఇగ అయిపాయె మన పని," అని గొణిగాడు.

ఛీ, నాకేం పోయేకాలం! కడపలో "కర్రిదానా" అన్నవాళ్లతో జుట్టూ జుట్టూ పట్టుకున్నదాన్ని. ఈ దేశం వచ్చిన కొత్తలో అజైబాలో ఒక తెలుగువాళ్లింటికి భోజనానికి వెళితే, పనిమనిషిననుకుని వంటింటి దారి చూపించినామెను ఈనాటికీ క్షమించలేదు నేను.

సారీ చెప్పాను. ఆవిడ టమాటాలు నొక్కి చూస్తూనే నెమ్మదిగా అంది: "రెండో ప్రపంచ యుద్ధంలో మా నేవీలో ఆఫీసర్లయిన మొదటి నల్లజాతి ఆడవాళ్లు ఇద్దరే. ఆఫీసర్ ఎక్కడా అని వాళ్ల వెనక ఎంతమంది వెతికారో అనుకుంటుంటాను." పెన్ను తీస్తూ, కాగితం పట్టుకున్న నా చేతిని చూసింది. తన చేతికీ నా చేతికీ రంగులో పెద్ద తేడా లేదు. "మీరూ వెతుకుతారనుకోలేదు," అంది.

సంతకం పెట్టింది. ఫిర్యాదులు రాసే గడి ఖాళీగా వదిలేసింది.

సాయంత్రం మేనేజరు ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. "కంప్లైంట్ ఏమీ లేదుగా?"

"లేదు సార్," అన్నాను.

ఆ వారం నుంచే జెట్టీ డ్యూటీ నాదైంది. ఎగిరి గంతెయ్యాల్సినదాన్ని, బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను. ఆవిడ కంప్లైంట్ చేసింది. మేనేజరుకు కాదు, నాకు.